గంప అడుగు కాయలు

పోయిన నెలలో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. పేరు స్రవంతి. ఇంజనీరింగ్ కాలేజీలో పరిశోధన చేస్తోంది. నాలాగా చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు సన్నబడిపోయిన వాళ్ళ కోసం వాళ్ళ బృందం కొత్త రకం కాలి పట్టీ ఒకటి తయారు చేసిందట. చేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే ఉండదు. లోపల ఏవో సన్నటి తీగలు. నడుస్తుంటే ఏ అడుగులో ఎక్కడ ఎంత బరువు పడిందో ఫోనుకి చెప్పేస్తాయట. దాన్ని మూడు నెలలు తొడుక్కుని తిరగడానికి మనుషులు కావాలి. ఏడు పదులు దాటినా నూజివీడు బజార్లో బూటు టకటకలాడించుకుంటూ వంకాయలు బేరమాడే ముసలావిడ ఒకతి ఉందని ఎవరో చెప్పారట, వెతుక్కుంటూ వచ్చింది. ఎండన పడి వచ్చిందని చిన్న రసం మామిడిపండు ఒకటి చేతిలో పెట్టాను. ఆ పిల్లకి రసం తినడం రాదు, చాకు అడిగింది. చాకుతో కోసుకునే కాయ కాదమ్మా, మెత్తగా పిసికి, ముచ్చిక తీసి, నోటికి ఆనించుకోవాలి అని నేర్పేసరికి పావుగంట పట్టింది. తను తెచ్చిన పదహారు పేజీల అంగీకార పత్రం మీద రెండు చుక్కలు పడనే పడ్డాయి.

ఆ పదహారు పేజీలూ తను చదువుతుంటే బుద్ధిగా విన్నాను. ప్రమాదాలు ఏమిటి, లాభాలు ఏమిటి, నా పేరు బయటికి రానివ్వరు, ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు, ఏ పేజీకి ఆ పేజీ సంతకం. నాకు నచ్చింది. మనిషిని ఇంత మర్యాదగా అడిగే రోజులు వచ్చాయి కదా అనిపించింది. అంతా అయ్యాక "ఏమైనా అడగాలా మేడమ్?" అంది.

"ఒకటే. నాకు నొప్పిగా ఉందని చెప్పాననుకో, ఏం చేస్తారు?"

"వెంటనే ఆపేస్తామండీ. ఆరో పేజీలో ఉంది. పట్టీ వెనక్కి తీసేసుకుంటాం. మీ సేఫ్టీయే కదండీ మాకు ముఖ్యం."

నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల బెదిరిపోయి, ఏదైనా తప్పు చదివిందేమోనని ఆరో పేజీ మళ్ళీ తీసింది. తప్పేం లేదమ్మా, అరవయ్యేళ్ళ కిందట ఒక పెద్దమనిషి అచ్చం ఇదే మాట అన్నారు, ఆయనా నా మంచికే అన్నారు, ఆ మాట వల్ల నా కాలు పోయినంత పనైంది, కూర్చో చెబుతాను అన్నాను. తనకి చెప్పింది కొంతే. మొత్తం ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న సుబ్బయ్య మామిడికాయల వర్తకుడు. వేసవి వచ్చిందంటే మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. రెడ్డిగూడెం, ఆగిరిపల్లి తోటల నుంచి ఎడ్లబళ్ళ మీద కాయ దిగేది. వీధి గదిలో కాయ, నడవాలో కాయ, మంచాల కింద కాయ. ఎక్కడ చూసినా వరిగడ్డి. అన్నంలో గడ్డిపోచ వస్తే తీసి పక్కన పెట్టుకుని తినడమే తప్ప ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు. సొన వాసన, గడ్డి వాసన, మగ్గిన రసాల వాసన, వీటన్నిటి మధ్యా మా నాయనమ్మ ఆముదం వాసన. నాయనమ్మకి అప్పటికే చూపు మందగించింది కానీ ముక్కు మాత్రం పోలీసు ముక్కు. పొద్దున్నే ఇత్తడి గ్లాసులో పొగలు కక్కే కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, కాయలు మాగవేసిన గదిలోకి వెళ్ళేది. గడ్డి మీద వంగి, ఒక్కసారి గాలి పీల్చి, "ఆ మూల, కింది వరసలో, ఒకటి చెడింది" అనేది. గడ్డి తీసి చూస్తే ఆ కాయ అక్కడే ఉండేది. ఒకటి చెడితే పక్కవాటికీ అంటుకుంటుంది కాబట్టి మా వ్యాపారం సగం ఆవిడ ముక్కు మీదే నడిచేది.

మా కొట్టుకి ఇంకో ఆచారం ఉండేది. మామిడి గంప కట్టేటప్పుడు పైవరసలో నదురుగా ఉన్న పెద్ద కాయలు పేర్చి, అడుగున మచ్చ కాయలూ చిన్న కాయలూ దాచడం అప్పట్లో ఎవరికీ కొత్త కాదు. అమ్మేవాడికీ తెలుసు, కొనేవాడికీ తెలుసు. మా కొట్లో మాత్రం తాతయ్య ఉన్ననాటి నుంచీ ఒకటే పద్ధతి. కొనేవాడు అడిగినా అడక్కపోయినా గంపని గోనెపట్టా మీద బోర్లించి, అడుగున ఉన్నది పైకి వచ్చాకే మాట మొదలుపెట్టాలి. మైలవరం వర్తకులు "ఎందుకండీ సుబ్బయ్యగారూ ఈ శ్రమ, మీ మీద నమ్మకం లేకనా" అంటూనే ఉండేవాళ్ళు, నాన్న బోర్లిస్తూనే ఉండేవాడు. సాయంత్రానికి నడుం పట్టేసేది. నాయనమ్మ ఆముదం కాచి రాసేది. తెల్లారితే మళ్ళీ బోర్లించేవాడు. మీ నాన్నకి అదొక పిచ్చి అని అమ్మ విసుక్కునేది.

నాకు మూడో ఏట జ్వరం వచ్చి ఎడమ కాలు పడిపోయింది. మోకాలి మీద చెయ్యి ఆనించి నొక్కుకుంటూ పదడుగులు వేసేదాన్ని, అంతకన్నా దూరమైతే అమ్మ చంకే. ఎలిమెంటరీ బడి మా వీధిలోనే కాబట్టి ఐదో తరగతి దాకా చంకెక్కి చదివాను. హైస్కూలు ఊరికి అవతలి చివర. పదకొండేళ్ళ పిల్లని అమ్మ అంత దూరం ఎన్నాళ్ళు మోస్తుంది? నువ్విక చదవక్కర్లేదని ఇంట్లో ఎవరూ అనలేదు. కానీ ఐదో తరగతి పరీక్షలు అయిపోయాక అమ్మ నాకు కుట్లు అల్లికలు నేర్పడం మొదలుపెట్టింది, అది చాలు నాకు అర్థం కావడానికి. చదువంటే ప్రాణం పెట్టే పిల్లనని చెప్పుకోను, లెక్కలంటే అప్పుడూ ఇప్పుడూ కడుపునొప్పే. కానీ మా వీధి పిల్లలందరూ పొద్దున్నే గుంపుగా వెళ్ళిపోతుంటే నేనొక్కదాన్నే అరుగు మీద సూది పట్టుకుని కూర్చోవాలా అని ఏడుపొచ్చేది. నాకు హైస్కూలుకి నడిచి వెళ్ళాలని ఉండేది. ఆ ఏడు నా బతుకంతా ఆ ఒక్క కోరికే.

సరిగ్గా ఆ రోజుల్లో డాక్టర్ విశ్వనాథం గారు మద్రాసులో ఎముకల వైద్యం నేర్చుకుని వచ్చి మా ఊళ్ళో ప్రాక్టీసు పెట్టారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ జేబులో కొలతల టేపుతో దర్జీలా ఉండేవారు. నాన్న నడుం నొప్పి చూడటానికి ఇంటికి వచ్చి నన్ను చూశారు. పట్నంలో దొరికే ఇనప బూటు వేసుకుంటే నిలబడొచ్చు, కుర్చీలో కూర్చోవచ్చు, అంతే. కింద బాసిపట్లు వేసుకుని కూర్చోవడానికి రాదు. అన్నం తినేది పీట మీద, చదువుకునేది చాప మీద, మన బతుకంతా నేల మీదే కదా, కుర్చీలున్న వాళ్ళ కోసం చేసిన బూటు మన పిల్లలకి ఏం సుఖం అన్నది ఆయన బాధ. నిలబడితే మోకాలు బిగిసి, కూర్చోవాలనుకున్నప్పుడు పూర్తిగా మడతపడే బూటు బొమ్మ ఒకటి కాగితం మీద గీసుకుని తిరుగుతున్నారు. వేసి చూడటానికి మనిషి దొరకలేదు. నేను దొరికాను.

నాన్న వెంటనే ఒప్పేసుకున్నాడు. డాక్టరు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అమ్మాయిని అడగాలండి" అన్నారు.

"నేను సరేనన్నాను కదండీ."

"మీరన్నారు. తొడుక్కునేది తను కదండీ."

నాయనమ్మ లోపలి నుంచి వచ్చింది. "పదకొండేళ్ళ పిల్లని అడగటమేంటి నాయనా? ఈ ఇంట్లో నన్నే ఎవరూ అడగరు" అంది. అది పచ్చి అబద్ధం. ఆవిణ్ణి అడక్కుండా మా ఇంట్లో కూరలో ఉప్పు కూడా వేసేవాళ్ళు కాదు.

డాక్టరు గారు వచ్చి నా ఎదురుగా కింద కూర్చున్నారు. ప్యాంటుకి గడ్డి అంటుకుంటున్నా పట్టించుకోలేదు. "రత్నం, ఈ బూటు ఇంతవరకు ఎవరికీ వెయ్యలేదు. పనిచేస్తుందో లేదో నాకూ తెలీదు. నువ్వు కింద పడొచ్చు. తోలు రాసుకుని పుండు పడొచ్చు. నీ కాలు దీనితో బాగుపడదు. నడక వస్తుంది, అదీ వస్తే. వద్దంటే నాకేం కోపం రాదు, పట్నం బూటు తెప్పిస్తాను. ఇప్పుడే చెప్పక్కర్లేదు, రెండు రోజులు ఆలోచించుకో" అన్నారు. లేవబోతూ ఇంకో మాట అన్నారు. "వేసుకున్నాక నొప్పి పుడితే దాచకూడదు. చెప్పగానే తీసేస్తాను. సరేనా?"

ఆ రెండు రోజులూ నేను మహారాణిని. జ్వరం వచ్చిన నాటి నుంచీ నా కాలి సంగతి అందరూ నా తల మీదుగా మాట్లాడుకున్నారు. వైద్యుడు అమ్మని అడిగేవాడు, అమ్మ నాన్నని అడిగేది, నాన్న నాయనమ్మని అడిగేవాడు, కాలు మాత్రం నాది. ఇప్పుడు నాయనమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుని, "ఏమనుకుంటున్నావే?" అని మెల్లిగా అడుగుతుంటే, "ఇంకా ఆలోచిస్తున్నా" అని గంభీరంగా చెప్పేదాన్ని. ఆలోచించడానికి ఏముంది, ఆయన నోరు తెరిచినప్పుడే సరే అనుకున్నాను. కానీ రెండు రోజులు ఇచ్చారు కదా, అందులో ఒక్క పూట కూడా ఎందుకు వదులుకోవాలని మొత్తం వాడుకున్నాను. నాన్నకి మాత్రం నన్ను అడగడం చేతకాలేదు. కొట్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ, నేను అక్కడే కూర్చుని ఉండగా, "అదేమంటోంది?" అని అమ్మని అడిగేవాడు.

బూటు చేసింది సైకిల్ షాపు మస్తాన్ బాబాయి. పాత సైకిలు ఫ్రేము నుంచి కోసిన గొట్టాలు కాలికి ఇరుపక్కలా, తొడకి వెడల్పాటి తోలు పట్టీ, మోకాలి దగ్గర స్ప్రింగు కొక్కెం, ఆ కొక్కెం నుంచి నడుం దాకా సైకిలు బ్రేకు వైరు. నడుముకి కట్టిన బెల్టుకి బ్రేకు పిడి. నిలబడితే కొక్కెం పడుతుంది, పిడి నొక్కితే వదులుతుంది, మోకాలు మడుచుకుని పీట మీద ఎంచక్కా కూర్చోవచ్చు. "లోకంలో బ్రేకు నొక్కితే ఆగుతారు పాపగారూ, మీరు నొక్కితే కూర్చుంటారు" అని మస్తాన్ బాబాయి ఒకటే నవ్వు. గంట కూడా బిగించమని అడిగాను. బిగించేవాడే, డాక్టరు గారు ఒప్పుకోలేదు.

మొదటి వారం నేను పడని చోటు లేదు. ఒకరోజు మైలవరం వర్తకుడు ఒకాయన వచ్చి నాన్నతో మాట్లాడుతుంటే, నా నడక చూపిద్దామని వీధి గదిలోకి వచ్చి, గొప్పగా గంపకి ఆనుకుని నిలబడ్డాను. గంప అంచు తగిలి పిడి నొక్కుకుపోయింది. మోకాలు మడతపడింది. పెద్ద రసాల గంపలో నడుం దాకా కూరుకుపోయాను. "అడుగు కాయలు చూపిస్తారని తెలుసు కానీ రసం కూడా తీసి చూపిస్తారని తెలీదండీ సుబ్బయ్యగారూ" అన్నాడాయన. ఆ రోజు మా ఇంట్లో నవ్వనిది ఉతికి ఆరేయాల్సిన అమ్మ ఒక్కతే. ఆ వారమే మస్తాన్ బాబాయి పిడి మీద చిన్న రేకు మూత బిగించాడు.

ప్రతి గురువారం సాయంత్రం డాక్టరు గారి దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఆయన నల్ల అట్ట పుస్తకం ఒకటి తీసి, ఎంత దూరం నడిచావు, ఎన్నిసార్లు పడ్డావు, నొప్పి ఉందా అని అడిగి రాసుకునేవారు. పడ్డవన్నీ కథలు కథలుగా చెప్పేదాన్ని. నొప్పి దగ్గరికి వచ్చేసరికి "లేదండీ" అనేదాన్ని. నొప్పి రెండో వారంలోనే మొదలైంది. తొడ వెనక తోలు పట్టీ పై అంచు కోసుకుపోయేది. కానీ ఆయన చెప్పిన అన్ని మాటల్లో నా తలకెక్కింది ఒక్కటే, చెప్పగానే తీసేస్తానన్నది. తీసేస్తే బూటు లేదు, బూటు లేకపోతే హైస్కూలు లేదు. అప్పటికి నేను ఒక్కదాన్నే పక్క వీధి దాకా వెళ్ళి వస్తున్నాను. చంక దిగినదాన్ని మళ్ళీ ఎక్కమంటే ఎక్కుతానా. నాయనమ్మ పాత చీర పీలికకి పసుపు రాసి పట్టీ కింద దోపుకున్నాను. శుక్రవారం తలంటు దగ్గర, నేను పెద్దదాన్నయ్యాను, నేనే పోసుకుంటానని తలుపు గడియ పెట్టుకున్నాను. ఆరు గురువారాలు అలాగే "లేదండీ" అన్నాను. ప్రతిసారీ డాక్టరు గారి మొహం చిన్నపిల్లాడి మొహంలా విప్పారేది. అంత మంచాయన అంత సంతోషపడుతుంటే, కాదండీ నొప్పిగా ఉంది అని ఏ నోటితో చెప్పడం? బూటు పోతుందన్న భయం సగమైతే, ఈ మొహమాటం మిగతా సగం.

కాయల రాక తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక పొద్దున నాయనమ్మ మాగవేసిన గదిలో గాలి పీల్చి, "ఏదో కుళ్ళింది" అంది. నాన్న గడ్డి తీసి వెతికాడు. ఏమీ లేదు. "ఉంది, నా ముక్కు నాకు అబద్ధం చెప్పదు" అని ఇంకో మూల తీయించింది. అక్కడా లేదు. ఆవిడ గోడ పట్టుకుని, ఆగి ఆగి గాలి పీలుస్తూ, గంపల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, గుమ్మంలో నిలబడ్డ నా ముందు ఆగింది. "లోపలికి రావే" అంది, అంతే. పరికిణీ పైకెత్తి పీలిక లాగేసరికి నేను పెట్టిన కేకకి అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది. అర్ధరూపాయి బిళ్ళంత పుండు, చీము పట్టి ఉంది. నాయనమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "ఎన్నాళ్ళ నుంచే?" అని మాత్రం అడిగి, నేను చెప్పాక, చాలాసేపు నా తల నిమురుతూ కూర్చుంది. తర్వాత నాన్నని పట్టుకుని తిట్టింది. నాన్న చేసిన తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలీదు, ఎవర్నో ఒకర్ని తిట్టాలి కాబట్టి తిట్టినట్టుంది.

జట్కాలో నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. డాక్టరు గారి వీధి మలుపు తిరిగాక, "పైవరస కాయలు చూపించావమ్మా ఆయనకి" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. మా ఇంట్లో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. కొట్టినా బాగుండేదనిపించింది.

డాక్టరు గారు పుండు కడిగి కట్టు కట్టారు. ఇంకొన్నాళ్ళు ఇలాగే దాస్తే విషం ఎముక దాకా పాకేదనీ, అప్పుడు కాలే తీసేయాల్సి వచ్చేదేమోననీ చెప్పారు, నాన్న వైపు కాకుండా నా వైపు చూసి చెప్పారు. తర్వాత నల్ల పుస్తకం తెరిచి ఆరు గురువారాల పేజీలు ఒక్కొక్కటే తిప్పారు. ఆ ఆదివారం బెజవాడలో డాక్టర్ల సమావేశం. ఈ బూటు గురించి చదవడానికి ఆయన కాగితాలు రాసి పెట్టుకున్నారు, నొప్పి లేదు, పుండు లేదు అని. "ఆగిరిపల్లిలో చిట్టెమ్మ అని ఆరేళ్ళ పిల్ల ఉంది" అన్నారు. "నీ పట్టీ చూసే దానికీ తోలు కోయించాను. నీకేం కాలేదు కదా అని. వచ్చే వారం వేసేవాణ్ణి."

నేను మొహం ఎప్పుడూ చూడని ఆ పిల్ల తొడ మీద నా పుండు కనబడింది. ఏడుపు ఆగలేదు. నాన్న, "నాలుగు చీవాట్లు పెట్టండి డాక్టరు గారూ, పర్లేదు" అన్నాడు.

"చీవాట్లు పెట్టాల్సింది నాకండీ" అన్నారాయన. "నొప్పి అంటే తీసేస్తానన్నాను. ఎనిమిదేళ్ళ తర్వాత నడక రుచి చూసిన పిల్ల, ఇక నిజం ఎందుకు చెబుతుంది? రెండు రోజులు గడువిచ్చి, అన్నీ చెప్పాననుకున్నాను. నిజం చెబితే తనకి ఏం పోతుందో ఆలోచించలేదు." నా వైపు తిరిగారు. "రత్నం, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. బూటు నీది. నొప్పి అన్నా నీదే, పడ్డా నీదే. పుండు మానేదాకా పక్కన పెడతాం, సరిచేస్తాం, మళ్ళీ నీకే ఇస్తాం. ఇప్పుడు చెప్పు, ఇంకెక్కడైనా ఉందా?"

"మడమ దగ్గరుందండీ" అని మొదలుపెట్టాను. "మోకాలి లోపలి పక్క కూడా. సాయంత్రమైతే బెల్టు నడుం మీద రాసుకుంటుంది. బ్రేకు వైరు ఒక్కోసారి వెంట్రుకలు పీకుతుంది. కుడి కాలి చెప్పు కూడా కరుస్తోందండీ." ఊపిరి తిప్పుకోకుండా చెబుతూనే ఉన్నాను. కుడి చెప్పుకీ ఆయనకీ ఏం సంబంధమో నాకే తెలీదు. ఆయన రాస్తూ రాస్తూ నవ్వేశారు. నాన్న ఆ పుస్తకం వంక చూసి, "దాన్ని కూడా ఒకసారి బోర్లించాలండీ" అన్నాడు. డాక్టరు గారికి అర్థం కాలేదు. నాన్న గంప సంగతి చెప్పాడు. ఆయన పుస్తకాన్ని నిజంగానే తిరగేసి, వెనక అట్ట వైపు నుంచి కొత్త పేజీ తీసి, పైన "అడుగు కాయలు" అని రాసి, నేను చెప్పినవన్నీ దాని కింద మళ్ళీ రాసుకున్నారు. ఆ తర్వాత ఏ గురువారమైనా ముందు ఆ వైపు నుంచే తెరిచేవారు.

ఆదివారం ఆయన బెజవాడ వెళ్ళారు. వెనక వైపు పేజీలే ముందు చదివారట. తన తప్పులు తనే ఇంత దూరం మోసుకొచ్చి చదివే మనిషిని ఇప్పుడే చూస్తున్నామని ఒకరిద్దరు నవ్వారట. "ఆ నవ్వినవాళ్ళలో ఒకాయనే బయట నన్ను పట్టుకుని పట్టీ అంచు ఎలా మడవాలో చెప్పాడండీ" అని మా ఇంటికొచ్చి మరీ సంబరపడ్డారు. మస్తాన్ బాబాయి తొడ పట్టీ అంచుని బయటికి మడిచి, లోపల సైకిలు సీటు మెత్త కుట్టించాడు.

ఆ తర్వాతి గురువారం చిట్టెమ్మని తీసుకుని వాళ్ళమ్మ వచ్చింది. కాయ కోతకి వెళ్ళే మనిషి, చేతుల నిండా సొన మచ్చలు. డాక్టరు గారు నాకు చెప్పినట్టే అన్నీ చెప్పారు. ఆవిడ తల దించుకుని, "మీరెట్టా అంటే అట్టాగేనండీ బాబుగారూ" అంది. మళ్ళీ చెప్పారు. మళ్ళీ అదే మాట. ఆయన తల పట్టుకుని, "నువ్వు చెప్పవే రత్నం" అన్నారు. నేను ఆవిడ పక్కన కింద కూర్చుని, కట్టు విప్పి, మానుతున్న పుండు చూపించాను. ఎలా దాచానో, ఎందుకు దాచానో, నాయనమ్మ ఎలా పట్టేసిందో చెప్పాను. ఆవిడ నా తొడని వేలితో తాకి చూసి, మొదటిసారి తలెత్తి డాక్టరు గారి మొహంలోకి చూసింది.

"మా పిల్లకి నొప్పెడితే గురువారం దాకా ఆగాలాండీ?"

"అక్కర్లేదు. కబురు చెయ్యండి, నేనే వస్తాను."

"మజ్జలో వొద్దంటే కోప్పడరు గందా?"

"పడనమ్మా."

"అయితే మా ఆయన్ని కూడా అడిగి, ఓ వారం ఆగి సెబుతానండీ" అంది. డాక్టరు గారు సరేనని పైకి మామూలుగా తలూపారు కానీ, ఆవిడ వారం గడువు అడిగినందుకు ఆయనకి బూటు తయారైన రోజు కన్నా ఎక్కువ సంతోషం కలిగిందని నేను పందెం కాస్తాను. వారం ఆగి ఆవిడ సరేనంది. చిట్టెమ్మకి మెత్త కుట్టిన పట్టీయే వేశారు. నాకన్నా తొందరగా నడక నేర్చుకుంది, ఆ కుళ్ళు నాకు చాలా రోజులు ఉండేది.

ఇందులో కొంత వినేసరికే స్రవంతి నా ఎదురుగా కింద, రసం పీల్చేసిన టెంకె పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఆరో పేజీ మార్చాలంటే వాళ్ళ ఎథిక్స్ కమిటీ ముందు పెట్టాలట, టైం పడుతుందట. పట్టనీ, నేనెక్కడికీ పోవడం లేదు అన్నాను. మొన్న ఫోన్ చేసి కొత్త వాక్యం చదివి వినిపించింది, "నొప్పి తెలియజేసిన కారణంగా పరికరం శాశ్వతంగా వెనక్కి తీసుకోబడదు" అని. ఆ తెలుగు మా నాయనమ్మకి అర్థమయ్యేలా లేదు కానీ సంగతి ఉంది, సంతకం పెట్టాను. ఈ కాగితాలనీ కమిటీలనీ వెక్కిరించేవాళ్ళు మా వయసువాళ్ళలో చాలామంది ఉన్నారు, మా రోజుల్లో మాట మీద నడిచేదండీ అంటారు. నేను అనను. మా రోజుల్లో అంతా ఎదుటి మనిషి మంచితనం మీద నడిచింది. నా అదృష్టం కొద్దీ విశ్వనాథం గారు తగిలారు. తగలని పిల్లలు ఎవరికి చెప్పుకున్నారు? కాగితం ఉండాల్సిందే. కాకపోతే ఎదుటి మనిషి దేనికి భయపడుతోందో కాగితానికి తెలీదు, అది కనుక్కోవడానికి మాత్రం ఎవరో ఒకరు వచ్చి గడ్డి అంటుకున్నా సరే ఎదురుగా కింద కూర్చోవాలి. ఆ పిల్ల కూర్చుంది. అందుకే ఒప్పుకున్నాను.

ఇక హైస్కూలు సంగతి. పుండు పూర్తిగా మానేసరికి బడి తెరిచి మూడు వారాలైంది. మొదటి రోజు అమ్మ జట్కా పిలిపిస్తానంది. నడుస్తానన్నాను. నాన్న కొట్టు తెరవకుండా నా వెనకే బయల్దేరాడు, పదడుగుల దూరంలో, చేతిలో గొడుగుతో, ఏదో తన పని మీద పోతున్నవాడిలా. సగం దూరం బాగానే నడిచాను. తర్వాత తొడ దగ్గర మంట మొదలైంది. బడి గంట వినబడుతోంది. వెనక్కి తిరిగి చెబితే ఇవాళ్టికి చాల్లే ఇంటికి పద అంటాడని భయమేసింది. పళ్ళు బిగబట్టి ఇంకో ఇరవై అడుగులు వేశాను. తర్వాత ఆగిపోయి, "నాన్నా, నొప్పిగా ఉంది" అన్నాను.

నాన్న వచ్చాడు. రోడ్డు పక్క తూము గట్టు మీద కండువాతో దుమ్ము దులిపాడు. నేను కూర్చున్నాక గొడుగు నా మీదకి వంచి పక్కన కూర్చున్నాడు. గంట ఆగిపోయింది. రోడ్డు మీద పిల్లలు ఎవరూ లేరు. తెలిసినాయన ఒకాయన సైకిలు ఆపి, "ఏంటి సుబ్బయ్యగారూ, ఇక్కడ కూర్చున్నారు?" అన్నాడు. "మా అమ్మాయికి కాలు నొప్పిగా ఉందండీ, ఆగాం" అన్నాడు నాన్న. ఎవరికైనా వచ్చే నొప్పి గురించి చెప్పినట్టు చెప్పాడు. ఆయన వెళ్ళిపోయాడు. మబ్బు తొలగి ఎండ కాసింది. అవతల కొట్టు ముందు ఎవరో ఎదురుచూస్తూనే ఉండి ఉంటారు.

"ఇంటికా, బడికా?" అన్నాడు నాన్న. నా కాలి గురించి ఆయన నన్నే అడగడం అదే మొదటిసారి. ఏం చెప్పాలో నాకు తెలుసు, అయినా, "కాసేపాగి చెబుతా" అన్నాను.

"సరే" అన్నాడు. నేను చెప్పేదాకా గట్టు మీద నుంచి లేవలేదు.